ఎనిమిది కామాలు

నాకు ఇంగ్లీషు రాదు. ఏబీసీడీలు కూడ ఈ కొస నుంచి ఆ కొసదాంక చెప్పలేను. గని కామా ఎక్కడ పెట్టాల్నో, ఎక్కడ పెట్టొద్దో అడుగుండ్రి, మా బొంబాయి కామాఠీపురాల ఏ టీచరమ్మ కన్న నిమ్మలంగ చెప్త. నవ్వుతరు, నవ్వుండ్రి. ఇరవై రెండేండ్లు ఒక్క ఖోలీల, అంటే ఒంటి అర్రల, ఆ మనిషితోని కాపురం జేసుంటే మీకు కూడ వచ్చేది.

ఆ మనిషంటే మా ఇంటాయన. పెనిమిటి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతదంటరు. బతికున్నన్ని దినాలు నేను పలకలే. పోయి ఏడాదాయె, ఇంక తగ్గేదేముంది? రాజమల్లు. నేను గంగవ్వను. బీడీలు చుడుత.

ఆయన పడుచుతనంల వర్లిల ఒక మిల్లు ఆఫీసుల చప్రాసిగ చేరిండు. ఒక బల్ల మీది కాయితాలు ఇంకో బల్ల మీదికి మోసే పని. పగటీలి అందరు డబ్బాలు విప్పి తింటుంటే ఈయన ఖాళీగ ఉన్న మిషన్ ముందు కూసోని టైపు నేర్చుకున్నడు. ఆ ఆఫీసుల హెడ్ క్లర్కు ఒక ముసలాయన ఉండెనట. ఈయన కొట్టిన మొదటి ఉత్తరం చూసి, అక్షరాలు మంచిగనే ఉన్నయి గని చదివేటోడు ఊపిరాడక సస్తడు అని చింపి చేతిల పెట్టిండట. అట్ల చింపుకుంట చింపుకుంట కామాలు నేర్పిండు. నేర్చుకున్నది ఊకుంటడా, ఇంటికొచ్చి నాకు చెప్పేటోడు. వద్దన్నా వినకపోయేది.

మొదటిది సులువు. దుకాణంల ఉప్పు, పప్పు, చింతపండు, నూనె అని అడుగుతం గదా, ఒక్కొక్క సామాను కాడ ఒక కామా. ఆఖరి సామానుకు ముందు 'అండ్' వస్తది. ఆడ కామా పెట్టాల్నా వద్దా అన్నది ఆఫీసుకొక తీరట, ఈయన మాత్రం పెట్టేటోడు. రెండోది, 'నాకు జ్వరమొచ్చినందుకు' అని మొదలువెడితే అసలు మాట ఇంక ముందున్నది గదా, ఆడ కామా పెట్టి ఆగాలె. అదే ముక్క వెనుకకు పోతే కామా అక్కర్లేదు. మూడోది, నడుమల ఒక ముచ్చట దూరిస్తె, 'ఐ, ఎల్లయ్య, సన్ ఆఫ్ సాయన్న, బెగ్ టు స్టేట్' అన్నట్టు, దానికి ముందొకటి వెనుకొకటి ఉండాలె. ఒక్కటే పెడితే ఒంటి చెప్పుతోని నడిచినట్టు. రెండు నిండు మాటలు ఒక్క కామాతోని అతకవు, నడుమ 'అండ్' అన్న ఉండాలె, 'బట్' అన్న ఉండాలె, లేకుంటే ఫుల్‌స్టాపు పెట్టి దిగాలె. ఇగ పనిచేసేటోనికి, వాడు చేసే పనికి నడుమ కామా పెట్టినోడు మొగుడు పెండ్లాల నడుమ పక్కేసుకున్నోడే అనేటోడు. ఇది చెప్పినప్పుడల్లా ఆయనే నవ్వేటోడు. నేను ఆకు కత్తిరించుకుంట, మింగ మెతుకు లేదు గని మీసాలకు సంపెంగ నూనె అని సన్నగ అంటుంటి.

ఎనభై రెండుల మిల్లుల సమ్మె వచ్చింది. మేం సంపు అంటం. సంపు మమ్మల్ని సంపుడే అయింది, మిల్లు మల్ల తెరవలే. వర్లిల మా తీరోళ్ళు కొందరు ఊర్లకు పోయిండ్రు, కొందరు తోపుడు బండ్లు పట్టిండ్రు. మా ఆయన నాగ్‌పాడాల పాత సామాన్ల దుకాణం నుంచి ఒక టైపు మిషన్ మోసుకొచ్చి, గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట పెట్టె మీద పెట్టుకోని కూసున్నడు. నాకు తలకాయ కొట్టేసినట్టయింది. ఆఫీసుల పనిచేసిన మనిషి ఫుట్‌పాత్ మీద కూసునుడేందని రెండు దినాలు అన్నం తినలే. మూడో దినం నేనే డబ్బా కట్టిన.

ఆయన కాడికి మనోళ్ళే వచ్చేది. పాలమూరు నుంచి బిల్డింగు పనులకు వచ్చినోళ్ళు, ఇక్కడ్నే పుట్టి తెలుగు సగం మర్చినోళ్ళు. రేషన్ కార్డు అర్జీ, నల్లా అర్జీ, బడిల చేర్చే అర్జీ. ఆఫీసులల్ల ఆయన కాయితం వాపస్ రాకపోయేది. స్టేషన్ బయట టైపు కొట్టేటోళ్ళు ఇంక నలుగురుండిరి, వాళ్ళు కొట్టేదే కొట్టి చేతిల పెట్టి పో అనేటోళ్ళు. ఈయన అట్ల గాదు. ఇంగ్లీషుల కొట్టినంక కాయితం పట్టుకోని తెలుగుల చదివేటోడు. కామా వచ్చిన కాడల్లా ఆగేటోడు. ఎదురుంగ కూసున్నోడు ఊఁ అనాలె. ఊఁ అంటేనే ముంగటికి పోవుడు. మనకు పిట్టకథైనా అంతే గదా, ఊఁ కొట్టకుంటె చెప్పేటోడు చెప్పడు. ఒకడు ఒక కామా కాడ ఊఁ అనకుండ బుర్ర గోక్కుంటె, ఆ ముక్క కొట్టేసి మల్ల మొదటికెల్లి కొట్టేటోడు. కాయితాలు ఖరాబైతున్నయని నేను మొత్తుకుంటె, వేలిముద్ర వాళ్ళది గంగా, వాళ్ళకు తెల్వని మాట కింద ఎట్ల వేపియ్యాలె అనేటోడు. అన్నీ అయినంక అడుగున ఒక సాలు కొట్టేటోడు, చదివి, తెలుగుల చెప్పి, ఒప్పుకున్నంకనే వేలిముద్ర తీసుకున్నమని. దాని కింద తన దస్తకతు. ఆ సాలు మీద ఆయనకు మా పెండ్లి మీద కన్న ఎక్కువ గురి.

ఇంక ముత్తమ్మ ముచ్చట చెప్పాలె. చెప్పబుద్ధి గాదు గని చెప్పాలె.

ముత్తమ్మ మా చాల్‌లనే, అంటే మా ఖోలీల వరుసలనే, మాకు నాలుగు ఖోలీల అవతల ఉండేది. మొగుడు బాలనర్సయ్య రంగులేసేటోడు. వాళ్ళది పాలమూరు దిక్కు, గని బాలనర్సయ్య అయ్య ఎప్పుడో ఈడికొచ్చి రెండు ఖోలీలు పట్టిండు. ఆయన పోయినంక ఒకటి పెద్ద కొడుకు భూమయ్యకు, ఒకటి చిన్నోడు బాలనర్సయ్యకు. ఎవరి ఖోలీ పావ్‌తీ వాళ్ళ పేరు మీద. పావ్‌తీ అంటే చాల్ యజమాని సేఠు కిరాయి తీసుకోని ఇచ్చే రసీదు. బొంబాయిల అది ఎవరి పేరు మీదుంటె ఖోలీ వాళ్ళది. తల్లి పేరు మర్చినా మర్వొచ్చు గని పావ్‌తీ ఎక్కడ పెట్టిన్నో మర్వొద్దు.

ఎనభై ఆరు ఎండకాలంల బాలనర్సయ్య బాంబుల మీదికెల్లి, అంటే రంగులేసేటందుకు కట్టే బొంగుల పరంజ మీదికెల్లి జారి పడ్డడు. మూడు దినాలు దవాఖానల ఉండి పోయిండు. ముత్తమ్మకు ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది తొమ్మిదేండ్లది, చిన్నది ఐదేండ్లది. అప్పుడు ఆ పిల్ల మొత్తం ఆధారం ఆ ఖోలీనే. నాలుగిండ్ల అంట్లు తోముకోనైనా పిల్లలను సాదుకుంటది, తలుపేసుకోని పండుకునే జాగ ఉంటే. మా గల్లీల తలుపు లేని ఆడమనిషి సంగతేందో నేను విడమర్చి చెప్పక్కర్లే, రెండు గల్లీల అవతల గిరాకీ కోసం నిలబడ్డోళ్ళను చూస్తె మీకే ఎరుకైతది.

మిర్గం కార్తె వానలు పడ్డయి. వానల్ల ఫుట్‌పాత్ మీద కూసునుడు కుదరదు గనుక ఆయన మిషన్ ఇంట్లనే పెట్టిండు. ఒకనాడు పొద్దుగాల భూమయ్య వచ్చిండు. ఈ భూమయ్య మా చాల్ పంచుల పెద్దమనిషి. నాకా కాడ, అంటే కూలోళ్ళ అడ్డా మీద, పనికి నిలబడే పాలమూరోళ్ళంత ఆయన మాట వింటరు, ఏ కాయితం కావాల్నన్నా రాజమల్లు కాడికి పోండ్రని తోలేది ఆయనే. ఆయన వెనుక ముత్తమ్మ వచ్చింది. ఆయన లోపలికొచ్చి పీట మీద కూసున్నడు, ఆమె గడప అవతలనే కొంగు ముఖం మీదికి గుంజుకోని, గోడ దిక్కు తిరిగి నిలబడ్డది. నేను మూలకు చాట ఒళ్ళె పెట్టుకోని బీడీలు చుడుతున్న.

"తమ్మీ, మా మరదలు పావ్‌తీ కాయితం రాయాలె. సేఠు వకీలు ఇంగ్లీషుల కావాల్నన్నడు," అన్నడు భూమయ్య.

ఏం రాయాల్నో ఆయనే చెప్పిండు. మా ఆయన టకటక కొట్టిండు. మిషన్ సప్పుడుకు ముత్తమ్మకు ఏం వినబడ్డదో ఏమో. కొట్టుడైనంక కాయితం తీసి ఎప్పటి లెక్క తెలుగుల చదువుడు మొదలువెట్టిండు.

"నేను," అని ఆగిండు.

"ఊఁ," అన్నడు భూమయ్య.

మా ఆయన తల ఎత్తిండు. "అన్నా, ఊఁ అనాల్సింది ఆమె."

"బావ ముంగట నోరు తెరుస్తదా తమ్మీ మా ఇంటి ఆడిది? మా ఇంట్ల ఆ అలవాటు లేదు. నేనంటే ఆమె అన్నట్టే. చదువు."

మా ఆయన గడప దిక్కు చూసిండు. "ఏం బిడ్డా?" అని ఒక్కసారి అడిగిండు. ముత్తమ్మ ఉలకలే పలకలే. ఎట్ల పలుకుతది? మొగుని అన్న ముంగట తల ఎత్తి నిలబడని పిల్ల, ఆయన కూసోనుంటె ఆ దిక్కు కెల్లి నడవని పిల్ల. మా ఆయన చదివిండు.

నేను, ముత్తమ్మ, కీర్తిశేషులు బాలనర్సయ్య భార్యను, ఫలానా నంబరు ఖోలీల ఉండేదాన్ని. నాలుగు కామాలు. నాలుగూ నిజాలే. అయిదో కామా 'మనవి చేసుకునేదేమనగా' కాడ. అది దాటినంక కథ తిరిగింది. నేను చదువురాని, దిక్కులేని ఆడదాన్ని గనుక, ఆరు. నా బిడ్డలను తీసుకోని మా ఊరికి పోతున్న గనుక, ఏడు. ఇంక మల్ల తిరిగి వచ్చేది లేదు గనుక, ఎనిమిది. ఖోలీ పావ్‌తీ మా బావ భూమయ్య పేరు మీద చేస్తె నాకేం అభ్యంతరం లేదు.

ప్రతి కామా కాడ ఆయన ఆగిండు. ప్రతిసారి భూమయ్య ఊఁ అన్నడు. ఊరికి పోతున్న అన్న కాడ ముత్తమ్మ కొంగు లోపల నుంచి తల ఇటు తిప్పింది. బావ దిక్కు గాదు, మా ఆయన దిక్కు గాదు. నా దిక్కు. కండ్లు నాకు పూరాగ కనబడ్డయి. నేను చాటల తల పెట్టిన. నాకు అప్పుడే అర్థమైంది, ఆ పిల్లకు పోనీకి ఊర్ల ఎవరూ లేరని, ఇది ఖోలీ గుంజుకునుడేనని. అర్థమై కూడ బీడీకి దారం చుట్టుకుంట కూసున్న. భూమయ్యతోని చెడితే రేపటికెల్లి మా మిషన్ ముందు ఈగలు కూసుంటయని నా లెక్క నాది.

ఆమె లోపలికొచ్చి వేలిముద్ర వేసింది. ముద్ర అలికినట్టయితే భూమయ్య ఇంకోటి వేపిచ్చిండు. మా ఆయన అడుగున తన సాలు కొట్టి దస్తకతు పెట్టిండు. వాళ్ళు పోయినంక చాలసేపు మిషన్ మీద గుడ్డ కప్పలే.

నెల తిరగకముందే ముత్తమ్మ సామాన్లు ఖోలీల ముంగటి గ్యాలరీల పడ్డయి. బొంత, రెండు తపేలలు, పిల్లల పలకలు. ఖోలీల భూమయ్య కొడుకు, కొత్త కోడలు దిగిండ్రు. చాల్ అంత చూసింది, ఎవరూ అడ్డం రాలే, పంచుల పెద్దమనిషికి ఎవరడ్డమొస్తరు. ముత్తమ్మ పిల్లలను పట్టుకోని మా గడపల కూసున్నది. అప్పుడు కొంగు ముఖం మీద లేదు. మా ఆయన దిక్కు చూసి ఒక్కటే మాట అన్నది.

"అన్నా, నేను ఊఁ అనలే గదా."

ఆయన అంగీ వేసుకోని, గొడుగు కూడ తీసుకోకుండ సేఠు ఆఫీసుకు పోయిండు. ఆడ మెహతా, అంటే కిరాయి వసూలు చేసే గుమాస్త, ఆ అర్జీ బయటికి తీసి ముంగట పెట్టిండట. ఇంత మంచి అర్జీ ఈ గల్లీలకెల్లి మాకెప్పుడు రాలేదు, వకీలు సాబు కూడ మెచ్చుకున్నడు, ఒక్క తప్పు లేదు అన్నడట. ఈయన, అది ఆమె మాట గాదు అన్నడు. మెహతా అడుగు సాలు మీద వేలు పెట్టి, ఈ దస్తకతు ఎవరిది అని అడిగిండు. నాదే. చదివి చెప్పినవా? చెప్పిన. ఒప్పుకున్నదని రాసింది నువ్వే గదా? నేనే. అట్లయితే ఆనాడు అబద్ధమాడినవా, ఈనాడు ఆడుతున్నవా? ఆనాడే ఆడిన అని కాయితం మీద రాసి, నోటరీ ముంగట దస్తకతు పెట్టి పట్టుకరా, చూస్తం. తర్వాత నీ మీద కేసైతే మమ్మల్ని అనకు అన్నడట.

ఆయన తడిసి ముద్దై వచ్చి, అట్లనే కూసోని ఆ కాయితం కొట్టిండు. కొట్టి నాకు తెలుగుల చదివిండు. నేను, రాజమల్లు, టైపు పని చేసేటోన్ని, ఆమె ఒప్పుకున్నదని రాసింది అబద్ధం. ఆగిండు. నేను ఊఁ అంటనని ఆగిండు.

నేను అనలే. నా నోరు అప్పుడు మాత్రం మంచిగ లేచింది. నీకేమన్న పిచ్చా అన్న. అబద్ధం రాసినోడని నువ్వే రాసిచ్చినంక నీ మిషన్ ముందు ఎవడు కూసుంటడు అన్న. మన పిల్లలిద్దరు బడికి పోతున్నరు, జైలు కూడు తెచ్చి పెడతవా అన్న. చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడెందుకు, అయిపోయింది అయిపోయింది అన్న. ముత్తమ్మ గడపల కూసోనే ఉన్నది. అన్నీ విన్నది. అది యాదికొస్తె నాకు ఇప్పటికీ అన్నం దిగదు.

ఆయన దస్తకతు పెట్టలే. కాయితం నాలుగు మడతలు పెట్టి జేబుల పెట్టుకున్నడు. ఎన్నో దినాలు అది ఆ జేబులకెల్లి ఈ జేబులకు మారింది, ఉతికేటప్పుడు నేనే తీసి పక్కకు పెట్టేదాన్ని. ఒకనాడు చూస్తె లేదు. ఏం చేసిండో అడగలే.

ముత్తమ్మ రెండు దినాలు గ్యాలరీల పిల్లలతోని పండుకున్నది. మూడో దినం బిల్డింగు పనికి పోయే పాలమూరోళ్ళ గుంపు వెనుక పోయిందన్నరు. ఎక్కడికో ఎవరూ చెప్పలే, నేను అడగలే.

తర్వాత మా ఆయన మనిషి మారిండు. ఎవరొచ్చినా, కాయితం ఎవరిదో వాళ్ళొక్కరే కూసోవాలె, వెంబడి వచ్చినోళ్ళు అవతలికి పోవాలె అనేటోడు. మొగుని ముంగట పెండ్లాం కాయితం కొట్టకపోయేది. ఎవరు ఒప్పుకుంటరు? పోలీసోని లెక్క సవాళ్ళేందని మనోళ్ళు పక్కనున్నోని కాడికి పోయిండ్రు. భూమయ్య తోలుడు కూడ బందు చేసిండు. నేను దేనికి భయపడి నోరు మూసుకున్ననో అదే అయింది. నిమిషానికొక బీడీ చుట్టి నేనే ఇల్లు నడిపిన. ఆయనకు దగ్గు పట్టింది. దగ్గు, జ్వరం, రక్తం. మంచానపడ్డంక కూడ వేళ్ళు దుప్పటి మీద కదిలేటివి. పోయేముందు ఒక్కటే అడిగిండు, ముత్తమ్మ ఎక్కడున్నదో చూసి రా గంగా అని. ఊఁ అన్న.

ఏడాది మాసికమైనంక పోయిన. నాకా కాడ నలుగురిని అడిగితె వర్లిల సముద్రం దిక్కు ఒక బిల్డింగు లేస్తున్నది, ఆడున్నదన్నరు. పోయి చూస్తె రేకులు ఏటవాలుగ పెట్టి కట్టిన గుడిసెలు, ముంగట సిమెంటు బురద. ముత్తమ్మ గంప పక్కన కూసోని పగటి రొట్టె తింటున్నది. నా కన్న పదేండ్లు చిన్నది, నా అక్క లెక్క కనబడ్డది. పెద్ద పిల్లకు పన్నెండేండ్లొచ్చినయి, ఇటుకలు మోస్తున్నది. చిన్నదేది అని అడిగిన. పోయిన వానలల్ల రేకుల కింద నీళ్ళొచ్చి జ్వరం పట్టిందట, నాలుగు దినాలకు పోయిందట. తలుపు లేని ఇంట్ల తడి ఆరలే అక్కా అన్నది.

నన్ను కూసోమని బొంత పరిచింది. చాయ్ పెట్టిచ్చింది. మా ఆయన పోయిండని చెప్తె కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. ఆయన మంచోడే అక్కా, ఆగిండు అన్నది. నాకు ఆ మాటకు కోపమొచ్చింది. ఎందుకొచ్చిందో ఎరుక లేదు, నా మీద రావాల్సిన కోపం ఆ పిల్ల మీదికి మళ్ళింది. ఆయన ఆగినప్పుడన్న ఒక్క మాట అంటివి గాదు ముత్తమ్మా, ఒక్క మాట అనుంటే నీ ఖోలీ నీకుండేది, నీ బిడ్డ నీకుండేది అన్న.

ముత్తమ్మ నా దిక్కు చూసింది, ఆనాడు గడపల నుంచి చూసినట్టే. కోపం లేదు.

"బావ ముంగట నేనెట్ల మాట్లాడుదు అక్కా. నువ్వు మాట్లాడ్తవనుకున్న. నీకు ఆయన బావ గాడు గదా," అన్నది.

నేను చాయ్ గిలాస కింద పెడుతున్నంతల పని చేపిచ్చే ముకద్దం కేకేసిండు. ఆమె లేచి బిడ్డను పిలిచి, గంప నెత్తికెత్తించుకోని పనికి పోయింది.